కాలు విరిగిన గుర్రాన్ని బతికించలేమా? జమ్మికుంట తమ్ముడికి జవాబు

కొత్తగా చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెబుతాను. జమ్మికుంట నుంచి రాసిన తమ్ముడి వాళ్ల నాన్న పెళ్లి బరాత్‌లకు గుర్రాలు పంపుతారు. మూడేళ్ల కింద, రేసుల నుంచి తప్పించిన ఒక కుమ్మైతు (ఎరుపు కలిసిన గోధుమ రంగు) గుర్రాన్ని కొన్నారు. పేరు బాద్షా, వయసు తొమ్మిదేళ్లు. పోయిన వారం బరాత్ ముగించుకుని వస్తుంటే సీసీ రోడ్డు మీద జారి పడింది. ముందు ఎడమ కాలు మోకాలి కింద విరిగి, ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చింది. డాక్టర్ వచ్చి చూసి, లాభం లేదని ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చేశారు. ఇప్పుడు తమ్ముడు అడుగుతున్నవి ఇవీ: మనిషికి వేసినట్టు రాడ్ వేసి ఉంటే బతికేదా? ఇంజెక్షన్ తర్వాత రెండుసార్లు గట్టిగా ఊపిరి తీసింది, కాళ్లు కదిలించింది, అంటే ప్రాణం ఉండగానే పూడ్చామా? ఇంట్లో ఉన్న ఇంకో గుర్రం, తెల్లది, లక్ష్మి, మేత ముట్టడం లేదు, ఏం చేయాలి? చివర్లో, "గుర్రం కోసం ఇన్ని రోజులు ఏడుస్తవా అని అందరూ నవ్వుతున్నరు సార్" అని రాశారు.

నేను పశువైద్యుడిగా ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. మొదటి ఆరేళ్లు దక్షిణాదిలో ఒక రేసుకోర్సులో, మిగిలినవన్నీ ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల ఊళ్లలో. రిటైరై హనుమకొండలో ఉంటున్నాను.

సూటిగా చెప్పాలంటే: బాద్షా బతికేది కాదు. మీ డాక్టర్ చేసింది సరైన పనే. పూడ్చేటప్పటికి దానిలో ప్రాణం లేదు. అసలు పడకుండా ఆపగలిగేవాళ్లమా అంటే మాత్రం దానికి వేరే జవాబుంది. అది మీకు నచ్చకపోవచ్చు. కొట్టంలో ఇంకో గుర్రం ఉంది కాబట్టి చెప్పక తప్పదు. ముందు లక్ష్మి సంగతి చూద్దాం. మిగిలినవి రేపు చదివినా ఫరవాలేదు, ఇది మాత్రం ఇవాళే చదవండి.

మేత మానేస్తే దిగులే అని తేల్చేయకండి. జత పోయిన గుర్రం దిగులు పడుతుంది, అందులో అనుమానం లేదు. గేటు వైపు చూస్తుంది, సకిలిస్తుంది, రెండోది కట్టేసిన చోట నేల వాసన చూస్తుంది. కానీ దిగులుతో ఉన్న గుర్రం కూడా ముందు పచ్చగడ్డి వేస్తే రెండు పోచలైనా కొరుకుతుంది, నీళ్లు తాగుతుంది, లద్దె వేస్తుంది. అవి కూడా ఆగిపోతే అది జబ్బు అనుకునే అడుగు వేయాలి.

పరకాల దగ్గర ఒక ఊళ్లో ఇలాగే బరాత్ గుర్రాల జత ఉండేది. ఒకటి కడుపునొప్పితో పోయింది. రెండోది తలకాయ వేలేసుకుని నిలబడింది. ఇంటివాళ్లు బెల్లం తినిపించబోయారు, ఆ ఇంటి పెద్దమ్మ దాని మెడ పట్టుకుని ఏడ్చింది. నేనూ చూసి, "దిగులమ్మా, రెండు రోజుల్లో సర్దుకుంటది" అని చెప్పి వచ్చేశాను. జ్వరం కూడా చూడలేదు. నాలుగో రోజు మళ్లీ పిలిస్తే వెళ్లాను. పొట్ట కింద చెయ్యి పెడితే మెత్తగా వాపు, వేలితో నొక్కితే గుంట పడుతోంది. జ్వరం 40.5 డిగ్రీల సెల్సియస్. చెవి నుంచి చుక్క రక్తం తీసి మైక్రోస్కోప్ కింద పెడితే, ఎర్ర కణాల మధ్య సన్నటి పురుగులు పాముల్లా మెలికలు తిరుగుతున్నాయి. సర్రా. జోరీగలు కుట్టి ఒక పశువు నుంచి ఇంకో పశువుకు అంటించే జబ్బు. వానాకాలంలో, ఆ తర్వాత మన దగ్గర ఎక్కువ. మందు వేశాక వారానికి లేచింది, దాని అదృష్టం. మొదటి రోజు నేనన్న "దిగులు" అనే మాట ఇన్నేళ్లయినా నాకు గుచ్చుకుంటూనే ఉంది.

అందుకని ఇవాళే ఇవి చూడండి. ఒంటి వేడి 37.5 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. కింది దవడ ఎముక లోపలి వైపు నాడి దొరుకుతుంది, నిమిషానికి 28 నుంచి 44 వరకు మామూలు. ఊరికే నిలబడి ఉండగా అరవై దాటితే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ను పిలవండి. పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి, లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు ఎనిమిది, పది సార్లు లద్దె వేస్తుంది, పాతిక లీటర్లకు పైనే నీళ్లు తాగుతుంది. కాలితో నేల గీకడం, తిరిగి తిరిగి డొక్క వైపు చూసుకోవడం, పడి దొర్లడం కనిపిస్తే అది కడుపునొప్పి. గుర్రం వాంతి చేసుకోలేదు, దాని కడుపులో ఏది ఇరుక్కున్నా పైకి వచ్చే దారి లేదు. అందుకే గుర్రపు కడుపునొప్పిని "పొద్దున చూద్దాం" అనుకోకూడదు. మీరే ఏదో ఒకటి గొంతులో పోయడం అసలే వద్దు.

ఇవన్నీ బాగుంటే అప్పుడు దిగులే అనుకోండి. దానికి మందు తోడు. ఒక మేకను తెచ్చి పక్కన కట్టండి. నవ్వొద్దు, రేసు గుర్రాల లాయాల్లో ఇది పాత పద్ధతి. బెదురు గుర్రాల పక్కన మేకను ఉంచుతారు. బాద్షాను పూడ్చేముందు లక్ష్మికి ఒకసారి చూపించి ఉంటే బాగుండేది. శవాన్ని వాసన చూసిన గుర్రం వెతుకులాట తొందరగా మానేయడం నేను చాలాసార్లు చూశాను. అయిపోయింది కాబట్టి దాని గురించి బాధపడకండి.

ఇక కాలు సంగతి.

లక్ష్మి మోకాలి కింద చేత్తో పట్టి చూడండి. కండ అనేదే తగలదు. చర్మం, గుర్రాల బాగోగులు చూసే సాయిస్‌లు నరాలు అనే, మేం టెండన్లు అనే గట్టి తాళ్లు, ఎముక. అంతే. మనిషి తొడ ఎముక విరిగితే చుట్టూ ఉన్న కండ నుంచి రక్తం అందుతుంది, అతుక్కుంటుంది. గుర్రానికి ఆ చోట రక్తమే తక్కువ. ఎముక చర్మాన్ని చీల్చుకుని రోడ్డు మట్టిలో పడ్డాక చీము పట్టకుండా ఆపడం దాదాపు అసాధ్యం. ఇది సగం కారణం.

రెండో సగం ఏమిటంటే, గుర్రం మంచం మీద పడుకోదు. నాలుగు వందల యాభై, ఐదు వందల కిలోల ఒళ్లు. రోజులో ఎక్కువ భాగం నిలబడే ఉంటుంది, కునుకు కూడా నిలబడే తీస్తుంది. గంటల తరబడి ఒకే పక్కన పడుకోబెడితే ఆ బరువుకు కిందనున్న కండరాలు, ఊపిరితిత్తి దెబ్బతింటాయి. నిలబెడితే, విరిగిన కాలి బరువంతా మంచి కాలి మీద పడుతుంది. గిట్ట లోపల ఎముకనూ బయటి పెంకునూ కలిపి పట్టుకునే సన్నటి పొరలుంటాయి, మన గోరు కింద చర్మం అతుక్కుని ఉన్నట్టు. అడుగులు పడుతుంటేనే వాటికి రక్తం సరిగా ఆడుతుంది. కదలకుండా ఒకే కాలి మీద వారాలు నిలబడితే ఆ పొరలు చచ్చి, ఎముక గిట్టలోనే కిందికి జారుతుంది. దీన్ని లామినైటిస్ అంటారు. విరిగిన కాలు బాగుపడుతుంటే బాగున్న కాలు గుర్రాన్ని చంపుతుంది.

డబ్బు లేక బాద్షా పోయిందని మీరు అనుకుంటున్నట్టున్నారు, అందుకే బార్బరో గురించి చెబుతాను. అమెరికాలో 2006లో కెంటకీ డర్బీ అనే పెద్ద రేసు గెలిచిన గుర్రం. రెండు వారాలకే ప్రీక్‌నెస్ రేసులో వెనక కుడి కాలు ముక్కలైంది. ప్రపంచంలోనే పేరున్న గుర్రాల ఆసుపత్రుల్లో ఒకదానిలో ప్లేటు, 27 స్క్రూలు వేసి అతికించారు. డబ్బుకు కొదవ లేదు, దేశమంతా దాని కోసం ప్రార్థించింది. ఎనిమిది నెలల తర్వాత, 2007 జనవరి 29న, నిద్రపుచ్చక తప్పలేదు. కారణం లామినైటిస్. అంతకు ముందు 1975లో రఫియన్ అనే ఆడగుర్రానికీ రేసులోనే కాలు విరిగింది. ఆపరేషన్ అయితే చేశారు, కానీ మత్తు వదలగానే ఇంకా పరుగెడుతున్నాననుకుందేమో, కాళ్లు విసిరి విసిరి కట్టు బద్దలు కొట్టుకుంది. గుర్రం పుట్టుకే పారిపోవడానికి. నొప్పి వేస్తే కదలకుండా పడుకోవాలని దానికి తెలియదు.

నేనూ ఒకదాన్ని బతికించబోయాను. రేసుకోర్సులో రెండో ఏడు, కొత్త ఉత్సాహం. నాలుగేళ్ల మగ గుర్రం, పొద్దున ప్రాక్టీసులో ముందు కాలు విరిగింది. చర్మం చిరగలేదు కాబట్టి ట్రైనర్‌ను ఒప్పించి కట్టు వేశాం, పైకప్పు దూలం నుంచి పట్టాలు వేలాడదీసి పొట్ట కింద ఆసరా ఇచ్చాం. ఇరవై మూడు రోజులు. పదిహేనో రోజు నుంచి మంచి కాలు గిట్ట వేడెక్కింది. ఇరవయ్యో రోజుకి గిట్ట పైఅంచు దగ్గర వేలు పెడితే పల్లంగా తగిలేది, లోపల ఎముక జారిన గుర్తు. చివరి మూడు రోజులు అది నా అడుగుల చప్పుడు వినగానే వణికేది, నేను వస్తే సూది గుచ్చుతానని. ఆ ఇరవై మూడు రోజులూ నా కోసం ఉంచాను తప్ప దాని కోసం కాదు. మీ డాక్టర్ మీ బాద్షాకు ఆ ఇరవై మూడు రోజులు తప్పించారు.

అలాగని విరుపు అంటే చావే అని ఎవరూ అనుకోవద్దు. సన్నటి గీతలాంటి పగుళ్లు, మోకాలి దగ్గర ఊడిన చిన్న ఎముక ముక్కలు, పక్కనుండే సన్న ఎముకల విరుపులు, ఇవి విశ్రాంతితోనో స్క్రూతోనో నయమై గుర్రాలు మళ్లీ పరుగెత్తినవి కూడా ఉన్నాయి. ఎక్స్‌రే లేకుండా ఎవరైనా "తుపాకీతో కాల్చెయ్యాల్సిందే" అంటే వినకండి. ఎముక బయటికొచ్చి, కాలు వేలాడుతున్న బాద్షా కేసు వేరు.

ఇంజెక్షన్ తర్వాత ఊపిరి సంగతి. అది ప్రాణం కాదు. ముందు మత్తు ఇస్తారు, తర్వాత ఎక్కువ మోతాదులో ఇంకో మందు. మెదడు పనిచేయడం ఆగుతుంది, ఆ వెంటనే గుండె. ఆ తర్వాత కూడా ఒంట్లో మిగిలిన కదలికలు కొన్ని ఉంటాయి: ఒకటి రెండు పెద్ద శ్వాసలు, కాళ్లు తన్నుకోవడం, చర్మం వణకడం. కళ్లు తెరిచే ఉంటాయి, మూసుకోవు. చూసేవాళ్లకు ఇదే భయంకరం. మీ డాక్టర్ కంటి గుడ్డును వేలితో తాకి చూశారని, ఛాతీ దగ్గర స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారని మీరే రాశారు. రెప్ప కదలలేదు, గుండె చప్పుడు లేదు. ఇక అనుమానం పెట్టుకోకండి. ఆయన చేసిన ఒకే పొరపాటు, ఇలా జరుగుతుందని మీకు ముందే చెప్పకపోవడం. అర్ధరాత్రి రోడ్డు మీద, చుట్టూ జనం ఫోన్లలో వీడియో తీస్తుంటే, నేనైనా మరిచిపోయేవాణ్ణేమో.

ఉసురు తగులుతుందని పక్కింటాయన అన్నారట. మన 1960 నాటి జంతు హింస నివారణ చట్టమే, బాధ తప్ప ఇంకే దారీ లేని జంతువును నొప్పి లేకుండా పంపించమంటుంది. ఆయనకు ఇది చెప్పినా వినరు, వదిలేయండి.

ఇప్పుడు నచ్చని మాట.

మీ పోస్టు మధ్యలో ఒక వాక్యం ఉంది. "నెల రోజుల నుంచి కొంచెం కుంటుతుండె, నొప్పి పొడి వేస్తే మంచిగనే నడిచింది." మిగతావాళ్లు దాన్ని దాటుకుని వెళ్లిపోయారు, నేను అక్కడే ఆగిపోయాను. రేసు గుర్రాలకు రెండేళ్ల వయసులోనే, ఎముక పూర్తిగా ముదరకముందే, పరుగు మొదలవుతుంది. ఆ కాళ్లలో పాత దెబ్బలుంటాయి. కాలిఫోర్నియాలో 1990 నుంచి రేసుకోర్సుల్లో చనిపోయిన ప్రతి గుర్రానికీ పోస్ట్‌మార్టం చేస్తున్నారు. పెద్దగా విరిగిన ఎముకల్లో చాలావాటిలో ముందే ఒక చిన్న పగులు, మానుతూ మానకుండా, ఉన్నట్టు కనిపించింది. అంటే ఒక్క క్షణంలో విరిగినట్టు కనిపించేది, వారాల ముందే మొదలై ఉంటుంది. బయటికి కనిపించే గుర్తు చాలాసార్లు కొంచెం కుంటడమే. ఆ కుంటును నొప్పి పొడితో దాచేస్తే, గుర్రం ఆ కాలి మీద పూర్తి బరువు వేస్తుంది.

బాద్షాకు ఇదే జరిగిందని నేను అనను. నున్నటి రోడ్డు మీద జారితే గట్టి ఎముక కూడా విరుగుతుంది. కానీ "మా తప్పేం లేదు కదా సార్" అని మీరు అడిగారు, లేదు అని రాసేస్తే అది అబద్ధం. నాన్నగారిని నిలదీయకండి, ఆయనకు ఈ పాటికి తెలిసే ఉంటుంది. లక్ష్మి విషయంలో మాత్రం: కుంటితే పని బంద్, ఎక్స్‌రే తీశాకే మళ్లీ జీను. నాడాలు నాలుగు నుంచి ఆరు వారాలకు మార్పించండి. అరిగి నున్నగా అయిన నాడాతో తడి సీసీ రోడ్డు ఎక్కించడమంటే గాజు మీద నడిపించడమే. డీజే బండికి దూరంగా పెట్టండి. పెళ్లివాళ్లు గుర్రాన్ని వెనక కాళ్ల మీద ఎగిరించమంటారు, ఒప్పుకోకండి. రెండు బుకింగ్‌లు పోతాయి, పోనివ్వండి.

ఇక నవ్వేవాళ్ల గురించి. మాన్ ఓ వార్ అనే రేసు గుర్రం 1947లో పోతే, మనుషులకు చేసినట్టు శవం చెడకుండా మందు ఎక్కించి పెట్టెలో ఉంచారు, రెండు వేల మంది వచ్చి సాగనంపారు. హల్దీఘాటీలో పోయిన రాణా ప్రతాప్ గుర్రం చేతక్‌కు ఇవాళ్టికీ సమాధి ఉంది. ఇవి చెబితే మీ ఫ్రెండ్స్ కొంచెం తగ్గుతారేమో. నాకు మాత్రం ఆ సమాధుల కన్నా ఒక సాయిస్ ఎక్కువ గుర్తుంటాడు.

సాయంత్రం ఆఖరి రేసు. మలుపు తిరిగి నాలుగు వందల మీటర్లు ఉందనగా ఒక ఆడగుర్రం, మూడేళ్లది, తల కిందికి మీదికి ఊపింది. జాకీ కిందికి దూకేశాడు. మేం వెళ్లేలోపే దాని సాయిస్ రెయిలింగ్ దూకి పరుగెత్తుకొచ్చాడు, కాళ్లకు చెప్పులు కూడా లేవు. రేసుల్లో దానికి ఏదో ఇంగ్లీషు పేరు, అతను మాత్రం దాన్ని బుజ్జీ అనేవాడు. చుట్టూ పచ్చ తెర కట్టారు. నేను సూది వేస్తున్నంతసేపూ అతను దాని చెవి మొదట్లో గోకుతూ, తురకంలో ఏదో చెబుతూనే ఉన్నాడు. అది పడ్డాక కళ్లెం తీశాడు, నోటి నురుగు తన కమీజుతో తుడిచాడు. తర్వాత నేల మీద కూర్చుని విరగని మూడు కాళ్ల పట్టీలు విప్పి, రోజూ ప్రాక్టీసు అయ్యాక చుట్టినట్టే, ముడతలు సరిచేసుకుంటూ గట్టిగా గుండ్రంగా చుట్టాడు. నాలుగోది రక్తంతో తడిసింది. దాన్నీ విప్పాడు, దాన్నీ చుట్టాడు. వ్యాన్ వాళ్లు తొందర పెడుతున్నా చేతి వేగం మారలేదు.

మర్నాడు పొద్దున నాలుగింటికి నేను లాయానికి వెళ్తే, అతను ఆ ఖాళీ గది ఊడ్చి, కొత్త గడ్డి పరిచి, బకెట్లో నీళ్లు నింపుతున్నాడు. ఎందుకని అడగలేకపోయాను. పదో రోజున అందులోకి కొత్త గుర్రం వచ్చింది. దాని కాళ్లకు చూస్తే అవే పట్టీలు, ఉతికినవి. నేను చూడటం చూసి, "పట్టీలు మంచివే కదా సాబ్" అన్నాడు.

మీరేం చేయాలో నేను చెప్పలేను. ములుగు దగ్గర ఒక కుటుంబం గుర్రానికి మూడో నాడు పిట్టకు పెట్టారు, మనిషికి పెట్టినట్టే. ఇంకొకరు తోక వెంట్రుకలు కోసి దాచుకున్నారు. మీరు నాడా దాచుకుంటానన్నారు, దాచుకోండి, మేకులు పీకేసి తుప్పు పట్టకుండా నూనె రాయండి. ఇంకో గుర్రం ఎప్పుడు కొనాలి అంటే, ఈ సీజన్‌లో వద్దు. ఏడుపు ఆగాలని కొన్న గుర్రాన్ని జనం పాతదానితో పోలుస్తూనే ఉంటారు, అది పాపం దానికి అన్యాయం.

పూడ్చిన చోటు గురించి ఒక జాగ్రత్త. నిద్రపుచ్చే మందు శవంలో చాలాకాలం ఉంటుంది, కుక్కలు తవ్వి తింటే అవీ చస్తాయి. జేసీబీతో తవ్వించామన్నారు కాబట్టి లోతు సరిపోయే ఉంటుంది. వాన పడ్డాక మట్టి కుంగితే మళ్లీ పోయించండి. బావికి, బోరుకు దూరంగా ఉందా అన్నది చూడండి. ఊరి బయట పడేయకుండా పూడ్చడం మంచి పని చేశారు. నొప్పి మందు ఒంట్లో ఉన్న కళేబరాలు తినే కదా రాబందులు చాలావరకు అంతరించాయి. డైక్లోఫెనాక్ అనే ఆ మందును పశువులకు వాడకుండా 2006లో నిషేధించింది అందుకే. కొన్నేళ్ల కిందట మన ఉత్తరాన బెజ్జూరు అడవిలో, పాలరాపు గుట్ట మీద కొన్ని రాబందులు కనిపించాయంటే అదే గొప్ప.

రేపు పొద్దున ఎండ ఎక్కకముందే లక్ష్మి జ్వరం చూసి, నాడి లెక్కపెట్టి, రాత్రి ఎన్నిసార్లు లద్దె వేసిందో కూడా ఇక్కడే రాయండి, నేను చూస్తాను. థర్మామీటర్ తోక కింద పెట్టేముందు దాని చివరకు దారం కట్టి, ఆ దారానికి క్లిప్పు పెట్టి తోక వెంట్రుకలకు తగిలించండి, లేకపోతే లోపలికి లాగేసుకుంటుంది. వెనక నిలబడకండి, పక్కన నిలబడండి.